చిన్ తేక్ గారి వెనకగోడ

యాప్ చిన్ తేక్ గారు ముప్ఫయ్యొక్క సంవత్సరాలు మలేషియాలోని పినాంగ్ రేవులో ఫెర్రీ టికెట్ల గదిలో కూర్చున్నారు. రోజుకు వేలమందిని సముద్రం దాటించారు. తాను మాత్రం ఎన్నడూ దాటలేదు. కింద అంత నీళ్లు పెట్టుకుని పైన మనుషులు కబుర్లు చెప్పుకుంటూ వేరుశనగలు ఎలా తింటారో ఆయనకు చివరిదాకా అర్థం కాలేదు. తరవాత ప్రభుత్వంవారు వంతెన కట్టారు. ఆయన దానిమీదా దాటలేదు. అంత పొడుగున్న వస్తువు ఎక్కడో ఒకచోట బలహీనంగా ఉండక తప్పదని ఆయన సిద్ధాంతం.

మా సందులో ఆయన్ని పిరికివాడని ఎవరూ అనరు. జాగ్రత్తపరుడు అంటారు. అనేటప్పుడు కొంచెం మొహం పక్కకు తిప్పుకుంటారు. యవ్వనంలో ఒకసారి సంబంధం చూడటానికి వెళ్లి, ఆ ఇంటి మెట్లు ఎక్కుతుండగా నాలుగో మెట్టు కిర్రుమంటే అక్కణ్ణుంచే సెలవు తీసుకుని వచ్చేశారని చెప్పుకుంటారు. పిల్ల పైనే ఉండిపోయింది. ఈయన కిందే ఉండిపోయారు. అరవయ్యో ఏడు దగ్గరపడుతున్నా, పుట్టిన ఇంట్లోనే, తనకన్నా అయిదేళ్లు పెద్దదైన అక్క సా లియన్‌తో కలిసి ఉంటున్నారు.

సా లియన్ అక్క పూసల చెప్పులు కుడుతుంది. పెళ్లికూతుళ్లు వేసుకునేవి. ఆవగింజలో సగముండే గాజుపూసల్ని సూదితో ఒక్కొక్కటే గుచ్చి, చెప్పు పైభాగం మీద నెమళ్లూ పువ్వులూ దిద్దుతుంది. ఒక్క జతకు మూడు నెలలు పడుతుంది. ఆ పనికి వేళ్లకన్నా వెలుతురు ముఖ్యం. ఆ వెలుతురు ఉన్నది వెనకభాగంలో, వంటగదికి పైనున్న ఆమె గదిలోనే. ఇంటి మధ్య ఆకాశానికి తెరిచి ఉన్న చిన్న మండువా ఉంది. దాని మీదుగా ఎండ వచ్చి, ఎదుటి తెల్లగోడకు తగిలి, మెత్తబడి ఆ గది కిటికీలోంచి లోపలికి దిగుతుంది. నలభై ఏళ్లుగా ఆమె ఆ కిటికీ దగ్గరే కూర్చుంటోంది. ఎండకు తప్ప మరొకరికి అక్కడ చోటులేదు.

కష్టమంతా ఆ గదిని మోస్తున్న వెనకగోడతో వచ్చింది.

పోయిన వానల్లో వంటగది మూల నుంచి ఆ కిటికీ దాకా గోడ బీటలు వారింది. ముందు వెంట్రుకంత. తరవాత పది సెన్ల నాణెం నిలువుగా దూరేంత. చిన్ తేక్ గారు రోజూ నాణెం దూర్చి చూసి, తిరిగి జేబులో వేసుకుని, భోజనం మానేసేవారు. చివరికి పాతకట్టడాల ఆఫీసుకు ఉత్తరం రాశారు. మాది వారసత్వ ప్రాంతం. ఇక్కడ మనిషి లోకం విడిచిపోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గాని, కిటికీ రెక్క ఊడదీయాలంటే మూడు ప్రతులు నింపాలి. ఉత్తరానికి జవాబు రాకపోతే ఏమవుతుందోనని నెలంతా భయపడ్డారు. జవాబు వచ్చింది. అప్పటినుంచి, వచ్చినందుకు భయపడ్డారు.

జవాబుతోపాటు ఇంజనీరమ్మ వచ్చింది. పేరు హస్నితా. తలకు నీలం ముసుగు, చేతిలో చిన్న సుత్తి. గోడను అక్కడక్కడా కొట్టి, చెవి ఆనించి విన్నది. చిన్ తేక్ గారు వెనకాల ఊపిరి బిగబట్టి నిలబడ్డారు, తన గుండెచప్పుడు గోడలోంచి వచ్చిందనుకుంటుందేమోనని.

"ఎప్పుడు పడుతుంది మేడమ్?" అని అడిగారు.

"పడుతుందని నేననలేదు కదా అంకుల్."

"అయితే పడదా?"

"అదీ అనలేదు."

ఆమె సంచిలోంచి మూడువేళ్ల వెడల్పు గాజుముక్క తీసి, బీటకు అడ్డంగా పెట్టి, రెండు కొసలనూ సిమెంటుతో అతికించింది. దాని మీద నల్లసిరాతో తేదీ వేసింది.

"గోడ కదలకపోతే గాజు ఇలాగే ఉంటుంది. వెంట్రుకవాసి కదిలినా పుటుక్కుమంటుంది. పగిలిన రోజే నాకు ఫోన్ చేయండి. నేను నెలకోసారి వచ్చి చూస్తాను. మూడు నెలలు ఆగి, అప్పుడు ఈ కాగితం మీద సంతకం పెట్టండి."

కాగితం మీద రెండు గళ్లున్నాయి. మొదటిది: వెనకభాగం నిలుపుకుని బాగుచేయించుకుంటాను, జరిగేదానికి నాదే బాధ్యత. రెండోది: ముందుభాగం తాకకుండా, వెనకభాగం నేలమట్టం చేయించుకుంటాను.

"మీరే టిక్కు పెట్టేయొచ్చుగా మేడమ్? చదువుకున్నవారు."

"ఇల్లు మీది అంకుల్" అంది హస్నితా మర్యాదగా.

ఇంతకన్నా భయంకరమైన మాట చిన్ తేక్ గారు తన జీవితంలో విని ఉండరు. ఇల్లు తాతగారిదని, తాతగారి తరవాత నాన్నగారిదని, తాను అందులో ఊరికే ఉంటున్నానని ఆయన అనుకుంటూ వచ్చారు. వాకిట్లోకి వెళ్తూ ఇంజనీరమ్మ ఇంకో మాట కూడా వదిలి వెళ్లింది. "వరసగా పదకొండు ఇళ్లు, అన్నిటికీ ఉమ్మడి గోడలే. మీ ఇల్లు పక్కింటిని మోస్తోందో, పక్కిల్లు మిమ్మల్ని మోస్తోందో, విప్పితేగాని తెలియదు."

అంటే ఉంచితే అక్క మీద పడుతుంది. తీస్తే పక్కింటివాళ్ల మీద పడవచ్చు. తీసి ఎవరి మీదా పడకపోయినా, అక్క కిటికీ పోతుంది. చిన్ తేక్ గారు ఆ మూడు దారుల్లోనూ మూడు నెలలు అటూ ఇటూ తిరిగారు.

అక్కను ముందుగదిలో పడుకోమని మొదటిరోజే బతిమాలారు.

"ముందుగదిలో దోమలు" అంది సా లియన్ అక్క.

"దోమ కుడితే చావరక్కా."

"ఈ ఊళ్లో డెంగ్యూతో ఎంతమంది పోయారో లెక్క నీకే బాగా తెలుసు. నువ్వేగా పేపర్లో కత్తిరించి దాచుకునేది."

జాగ్రత్తపరుడికి ఇంట్లోనే ఇలాంటి ప్రత్యర్థి ఉండటం దురదృష్టం.

రోజూ తెల్లవారగానే ఆయన వంటగదిలోకి వెళ్లి, గోడకు రెండడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని, గాజును చూసేవారు. దగ్గరికి వెళ్తే ఊపిరి తగిలి పగులుతుందేమోనని అనుమానం. మొదటి వారంరోజులు చూసి వచ్చేటప్పుడు మొహం ఉడికించిన టోఫూలా ఉండేది. తరవాత తరవాత కొంచెం రంగు వచ్చింది. గాజు నిక్షేపంలా ఉంది. రెండో వారంలో వాన మూడు రోజులు వదలకుండా కొట్టింది. మండువాలో మోకాలిలోతు నీళ్లు నిలిచాయి. గాజు మాత్రం అలాగే ఉంది. మూలమీద కాఫీకొట్టు ఆ హోక్ ఆయన కనపడితే చాలు అడిగేవాడు.

"ఏం తేక్ అన్నా, మీ గాజు ఆరోగ్యం ఎలా ఉంది?"

"బాగుందిరా."

"దానికో గుడ్డు వేసి రొట్టె పంపనా?"

పూర్వమైతే ఇలాంటి మాటకు ఆయన అరిష్టమని ఉమ్మేసేవారు. ఇప్పుడు నవ్వి, తనకే గుడ్డు వేయించుకున్నారు. ఒకటి కాదు, రెండు. రెండో నెల దాటేసరికి పొట్ట మళ్లీ తన స్థానంలోకి వచ్చింది. హస్నితా వచ్చిన రెండుసార్లూ గాజును చూసి, తేదీ చూసి, చీటీలో "కదలిక లేదు" అని రాసుకుని వెళ్లింది. ఒకసారి మాత్రం తేదీ వైపు కాస్త ఎక్కువసేపు చూసి, "నేను తొమ్మిది ఇలా వేస్తానా?" అని తనలో తాను అనుకుంది. చిన్ తేక్ గారు కాగితం మీద మొదటి గడిలో పెన్సిల్‌తో, చాలా పల్చగా, టిక్కు పెట్టారు. కావాలంటే చెరపడానికి వీలుగా పక్కనే రబ్బరు కూడా పెట్టుకున్నారు.

మూడో నెల చివర్లో మా చీనావాళ్ల కొత్తసంవత్సరం దగ్గరపడింది. చాంద్రమానంలో పన్నెండో నెల ఇరవైనాలుగో రోజున వంటింటిదేవుడు ఏడాదంతా ఇంట్లో చూసినవి చెప్పడానికి పైలోకానికి వెళ్తాడు. వెళ్లేముందు ఆయన నోటికి బెల్లపుజిగురు పూస్తాం, చెప్పేది తియ్యగా చెప్పమని, లేకపోతే అసలు చెప్పలేకపోవాలని. ఆ రోజే ఇల్లు దులుపుతాం. అంచు విరిగిన గిన్నె, బీటలువారిన కప్పు, కాలు ఊడిన కుర్చీ, పగిలినదేదీ కొత్తసంవత్సరానికి ఇంట్లో ఉండకూడదు. పగిలిన వస్తువు ఇంట్లో ఉంటే ఇల్లే అలా అవుతుందని మావాళ్ల నమ్మకం. దీనికి ఎదురుచెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

సా లియన్ అక్క అట్టపెట్టెలో పగిలినవన్నీ వేసి అరుగు మీద పెట్టింది. చెత్తబండివాడి చెయ్యి తెగుతుందేమోనని చిన్ తేక్ గారు వాటిని విడివిడిగా పాత పేపర్లో చుడుతున్నారు. రెండు కప్పులు చుట్టారు. ఒక పళ్లెం చుట్టారు. నాలుగోసారి చెయ్యి పెడితే పొడుగాటి గాజుముక్క వచ్చింది, మూడువేళ్ల వెడల్పు, మధ్యకు విరిగింది. మీద నల్లసిరాతో తేదీ.

ఆయన దాన్ని చాలాసేపు చూశారు. మళ్లీ పెట్టెలో చెయ్యి పెట్టారు. ఇంకోటి దొరికింది. అదీ మధ్యకు విరిగింది. అదే తేదీ. అక్షరాలు మాత్రం గుండ్రంగా, పూసలు గుచ్చే చెయ్యి రాసినట్టుగా ఉన్నాయి. ఇంకోటి. అదే తేదీ. అవే గుండ్రటి అక్షరాలు.

"అక్కా" అని పిలిచారు. మళ్లీ పిలిచారు.

ఆమె చీపురు పట్టుకుని వచ్చింది.

"ఇవేంటక్కా?"

"కనపడటంలేదూ? పగిలిన గాజు."

"ఎప్పుడు పగిలాయి?"

"ఒకటి వానలప్పుడు. ఒకటి మూడో వారం తరవాత. ఒకటి మొన్న పదకొండు రోజుల కింద. అమ్మ ఫోటో పాత ఫ్రేములో గాజు ఉంటే కోయించి అతికించాను. ఆ పిల్ల అతికించినదానికన్నా నాదే గట్టిగా ఉంది, చూడు."

"మార్చావా? పగిలితే నువ్వు మార్చావా?"

"మరి ఏం చేయను? ఇంట్లో పగిలిన గాజు పెట్టుకుంటారురా ఎవరైనా? అదీ వంటింటిదేవుడి ఎదురుగా!"

"తేదీ కూడా వేశావు కదే!"

"వేయకపోతే ఆ పిల్లకు అక్షింతలు పడవూ పైవాళ్ల దగ్గర? పాపం, శ్రద్ధగా వేసుకుంది."

చిన్ తేక్ గారు లేచి, గోడలు పట్టుకోకుండా, వంటగదిలోకి నడిచారు. గోడ మీద నాలుగో గాజు నిక్షేపంలా ఉంది. మూడు నెలల్లో మొదటిసారి ఆయన ఆ రెండడుగులూ దాటి దగ్గరికి వెళ్లారు. జేబులోంచి పది సెన్ల నాణెం తీసి బీట దగ్గర పెట్టారు. నాణెం నిలబడలేదు. వేళ్లలోంచి జారి లోపలికి పడిపోయింది. ఎక్కడో చాలా కిందికి పోయాక, చాలాసేపటికి, చప్పుడైంది.

ఆయన తిరిగి చూసేసరికి వెనకాల అక్క లేదు. పైన ఆమె గది తలుపు వేసిన శబ్దం వినపడింది.

మెట్లు పదహారు. ఆరు నెలలుగా ఆయన వాటి మీద కాలు పెట్టలేదు. ఆ గది బరువు ఎక్కువవకుండా తన వంతుగా చేస్తున్న సాయం అనుకున్నారు. కింద నిలబడి పిలిచారు.

"అక్కా, కిందికి రా."

"పని ఉంది."

"అది పడుతుంది. ఇప్పుడే పడొచ్చు."

"పడితే వస్తాలే."

ఇలాంటి జవాబుకు మామూలు మనిషికి కోపం వస్తుంది. చిన్ తేక్ గారికి చెమట పట్టింది. ఫెర్రీ దిగేటప్పుడు ముసలివాళ్లు పట్టుకునేట్టు రెండు చేతులతో మెట్ల కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టుకూ ఆగి వింటూ, ఆయన పైకెక్కారు. నాలుగో మెట్టు కిర్రుమంది. ఈసారి వెనక్కి తిరగలేదు. తొమ్మిదో మెట్టు దగ్గర గోడలోపల ఏదో ఇసుకలా జారింది. అక్కడ ఆగి, కళ్లు మూసుకుని, మిగిలిన ఏడూ అలాగే ఎక్కారు.

అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఒళ్లో చెక్కచట్రం, దాని మీద సగం అయిన నెమలి. గది నిండా ఆ మెత్తటి వెలుతురు. ఆమె సీసాలోంచి ఒక పూసను వేలిమీదకు తీసి, నేలమీద వదిలింది. పూస ఒక్క క్షణం ఆగి, మెల్లగా కదిలి, వేగం అందుకుని, గోడవైపుకు దొర్లుకుంటూ పోయి, చెక్కకూ గోడకూ మధ్య ఖాళీలో మాయమైంది.

"పోయినేడు ఎక్కడ పడితే అక్కడే ఆగేవి" అంది ఆమె. "ఇప్పుడు అన్నీ అటే పోతున్నాయి. పచ్చవి సగం అయిపోయాయి."

"నీకు తెలుసన్నమాట."

"నలభై ఏళ్లు ఈ నేలమీద కూర్చున్నాను. నాకు తెలియక ఆ సుత్తిపిల్లకు తెలుస్తుందా?"

"మరెందుకు మార్చావక్కా గాజు?"

ఆమె సూదికి దారం ఎక్కిస్తున్నట్టు నటించింది. దారం అప్పటికే ఎక్కి ఉంది.

"మొదటిది అలవాటుకొద్దీ తీసేశాను. నిజంగానే. పగిలింది, తీసి ఇంకోటి అతికించాను. ఆ తరవాత రోజూ పొద్దున్నే నువ్వొచ్చి దాన్ని చూసి, హమ్మయ్య అనుకుని, గుడ్డు తినడం చూశాను. పుట్టాక నువ్వు వరసగా రెండు నెలలు భయపడకుండా ఉండటం నేనెప్పుడైనా చూశానా? రెండోది పగిలినప్పుడు నీ మొహం గుర్తొచ్చింది. చేతులు వాటంతట అవే మార్చేశాయి."

"ఆ గోడ పక్కనే నువ్వు పడుకుంటున్నావు కదే!"

"నేను భయపడితే ఇంట్లో భయపడేవాళ్లు ఇద్దరవుతారు. ఒక్కడికే ధైర్యం చెప్పలేక చస్తున్నాను."

చిన్ తేక్ గారు చొక్కాజేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. మొదటి గడిలో పెన్సిలు టిక్కు ఇంకా ఉంది. ఇలాంటి సమయాల్లో మావాళ్లు ముందుగదిలో పీఠం దగ్గరికి వెళ్లి, పెద్దల పేరుపలకల ముందు రెండు చంద్రవంక చెక్కముక్కలు నేలమీద వేసి, అవి పడిన తీరును బట్టి ఔనో కాదో తెలుసుకుంటారు. ఆయన అడగలేదు. తాతగారు వద్దంటారని భయం. సరేనంటే ఇంకా భయం. కిటికీ చెక్కమీద కాగితం పరిచి, అక్క పూసలచిట్టా రాసుకునే సిరాపెన్ను తీసుకుని, రెండో గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేశారు. అక్షరాలు వణికాయి. సంతకం కాదని ఎవరైనా అంటారేమోనని పక్కన ఇంకోసారి చేశారు.

సా లియన్ అక్క ఆ కాగితం వైపు చూసింది.

"అరవై ఏళ్లకు ఒక్కటంటే ఒక్కటి తేల్చావురా తేక్" అంది. "అది నా గదే అయింది."

అని చట్రం చంకన పెట్టుకుని లేచింది. పచ్చపూసల సీసా మాత్రం ఆయన చేతికిచ్చింది, మెట్లమీద ఆయనకు పట్టుకోవడానికి ఏదైనా ఉండాలి గనక.

కాగితం హస్నితాకు పంపి, కొత్తసంవత్సరం పదిహేను రోజులూ వెనకభాగానికి తాళం వేసి, ముందుగదిలోనే వండుకు తిన్నారు. పండగరోజుల్లో టపాకాయ పేలినప్పుడల్లా చిన్ తేక్ గారు వెనక్కి చూశారు. పదహారో రోజున జావా నుంచి వచ్చిన సుగెంగ్ మేస్త్రీ నలుగురు మనుషులతో దిగాడు. పక్కింటికి ఉక్కుగొట్టాలతో ఊతాలు పెట్టారు. పక్కింటివాళ్లు పిల్లల్ని పిన్నిగారింటికి పంపేసి, తాము ఉండి ఊతాల్ని చూస్తూ కూర్చున్నారు. చిన్ తేక్ గారు వాళ్లను చూస్తూ కూర్చున్నారు.

"ఇంత బీటలువారిన గోడ రెండు రోజుల పని టౌకే" అన్నాడు సుగెంగ్. ఇంటి యజమానిని ఆ పిలుపుతోనే పిలుస్తారు వాళ్లు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయన వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసేవారు.

రెండు రోజుల్లో పెంకులు దిగాయి, దూలాలు దిగాయి. మూడోరోజు గోడ మొదలుపెట్టారు. గోడ దిగలేదు. సుత్తి వేస్తే సుత్తి తిరిగొచ్చింది. నాలుగోరోజు పెద్ద సుత్తులు తెచ్చారు. అయిదోరోజు ఒక సుత్తి కర్ర విరిగింది. మనిషిని మింగుతుందని మూడు నెలలు అందరూ వణికిన ఆ గోడ, ఒక్కో ఇటుకకూ బేరమాడింది. కాఫీకొట్టు ఆ హోక్ రోజూ వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయేవాడు. వాడు ఏమీ అనకపోవడం మా సందులో అంతకుముందు జరగలేదు.

తొమ్మిదోరోజు మధ్యాహ్నానికి చివరి వరస పునాది దాకా వచ్చింది. పక్కిల్లు కదలలేదు. చిన్ తేక్ గారు ఇటుకల గుట్ట పక్కన నిలబడ్డారు. ఎదురుగా, తాతగారు ఇల్లు కట్టాక మొదటిసారి అడ్డులేకుండా, ఎండ సూటిగా పడుతోంది. పూసలు కుట్టడానికి పనికిరాని ఎండ. కళ్లు చిట్లించుకోవాల్సిన ఎండ. అక్క గది వదిలినప్పటినుంచి ముందు అరుగు మీద చట్రం పెట్టుకుని కూర్చుంటోంది గాని, నెమలికి ఒక్క ఈక కూడా కొత్తగా రాలేదు.

"సుగెంగ్" అన్నారు ఆయన మెల్లగా. "ఒక్కమాట చెప్పు. ఇది పడేదా?"

సుగెంగ్ తలపాగాగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఇళ్లు పడగొడుతున్నవాడు. ఇంటివాళ్లు చివరిరోజున ఈ ప్రశ్నే అడుగుతారని వాడికి తెలుసు.

"నిజం చెప్పమంటారా టౌకే? కింద పునాది చూశాక నాకు తెలిసిపోయింది. ఔనో కాదో ఒక్క ముక్కలో చెప్పేస్తాను. అడగండి."

చిన్ తేక్ గారు నోరు తెరిచారు. ఔనంటే, మూడు నెలలు తన అక్కను దాని పక్కన పడుకోనిచ్చి పొద్దున్నే గుడ్లు తిన్నది తాను. కాదంటే, నిలబడగల గోడను పడగొట్టించి ఆమె వెలుతురు తీసేసింది తాను. ఈ రెంటిలో ఏది వింటే ప్రాణం నిలుస్తుందో ఆయన ఎండలో నిలబడి ఎంతసేపు ఆలోచించారంటే, మేస్త్రీ మనుషులు పారలు ఆపి చూశారు.

"వద్దు" అన్నారు చివరికి. "చెప్పకు."

"వాడికి వద్దుగాని, నాకు చెప్పు" అంది వెనకాలనుంచి సా లియన్ అక్క.

ఆయన గిరుక్కున తిరిగి, రెండు చెవులూ అరచేతులతో మూసుకుని, ఇంటి పొడుగునా నడిచి వీధిలోకి వెళ్లిపోయారు. అరుగు మీంచి చూస్తున్న మాకు లోపల, ఆ కొత్త ఎండలో, సుగెంగ్ వంగి ఆమెతో ఏదో చెప్పడం కనపడింది. ఆమె విని తలాడించింది. ఒకసారి నేలవైపు చూసింది. తరవాత మేస్త్రీ మనుషులకు కాఫీ పెట్టడానికి ముందుగదిలోకి వచ్చింది.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. ఆమె ఇంతవరకూ చెప్పలేదు. ఆయన అడగలేదు. భోజనాల దగ్గర ఆమె ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరిస్తే చాలు, చిన్ తేక్ గారు నమలడం ఆపేస్తారు. ఆమె ఉప్పు అందివ్వమంటుంది. ఆయన అందిస్తారు.